కాగితం మీది హక్కు

రాజ్యాంగంలో సమానత్వమని రాసుకున్నంత మాత్రాన లోకంలో అసమానత పోతుందా అని మన మిత్రులు అడుగుతుంటారు. ప్రశ్నలో న్యాయం వుంది. అయితే జవాబు చెప్పేముందు అమెరికాలోని న్యూయార్కు రాష్ట్ర అనుభవాన్ని పరిశీలించడం అవసరం.

ఆ రాష్ట్ర రాజ్యాంగంలో 1938లోనే సమానత్వ నిబంధన చేరింది. జాతి, రంగు, విశ్వాసం, మతం కారణంగా ఎవరి పౌరహక్కులలోనూ ప్రభుత్వం గాని, కంపెనీలు గాని, వ్యక్తులు గాని వివక్ష చూపరాదన్నది. మాటలకు లోటు లేదు. తర్వాత ఒక పెద్ద బీమా కంపెనీ నగర ప్రభుత్వ సహాయంతో, పన్ను రాయితీతో మాన్‌హటన్‌లో స్టైవెసెంట్ టౌన్ అనే గృహసముదాయం నిర్మించి, నల్లవారికి ఇళ్ళు అద్దెకివ్వ నిరాకరించింది. 1949లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కంపెనీనే సమర్థించింది. నలుగురు న్యాయమూర్తులు అటు, ముగ్గురు ఇటు. ఇల్లు అద్దెకు పొందడాన్ని పౌరహక్కుగా ఏ చట్టమూ గుర్తించలేదన్నారు. అక్కడి తెల్ల అద్దెదారులు కొందరు సంఘం పెట్టుకుని పోరాడారు. ప్రభుత్వ సాయం పొందిన ఇళ్ళలో వివక్షను నిషేధిస్తూ నగరసభ 1951లో చట్టం చేసింది.

అయితే కాగితం వ్యర్థమేనా? కాదు. 1938 నాటి జాబితాలో స్త్రీ లేదు. గర్భస్రావ హక్కు 1973 నాటి ఒక తీర్పు మీద ఆధారపడి నిలిచింది. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పునే కొట్టివేసింది. వారం తిరక్కుండా న్యూయార్కు శాసనసభ సవరణను ఆమోదించింది. 2023లో కొత్తగా ఎన్నికైన సభ మళ్ళీ ఆమోదించింది. 2024 నవంబరులో ప్రజలు ఓటుతో ఖాయం చేశారు. జన్మదేశం, వయస్సు, వైకల్యం, లింగం మొదలైనవి జాబితాలో చేరాయి. గర్భధారణ, పునరుత్పత్తి విషయంలో స్వయంనిర్ణయం, లైంగిక ధోరణి, లింగ గుర్తింపు కూడా లింగం కిందికే వచ్చాయి.

అధిక సంఖ్యాకుల ఓటుతో వచ్చినది హక్కా, దయాభిక్షా? భిక్ష ఇచ్చినవాడు రేపు మానుకోవచ్చు. ఇక్కడ ఓటర్లు చేసినది వేరు. రేపు తమకే అన్యాయబుద్ధి పుడితే అడ్డుండేట్టు తమ చేతులు తామే కట్టుకున్నారు. ఆ ముడి విప్పాలంటే మళ్ళీ రెండు సభలూ, ప్రజల ఓటూ కావాలి.

హక్కు రాసి లేనిచోట బాధితుడే తాను మనిషినని రుజువు చేసుకోవాలి. రాసి వున్నచోట, కాదనేవాడు సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ తేడా చిన్నది కాదు. కాని ఆ సంజాయిషీ అడగడానికి మనుషులు కావాలి. స్టైవెసెంట్ టౌన్‌లో అడిగినవారు అద్దెదారులు.