ఇరుసు మారినా అదే వాహనమా?

భాగాలు మారుతూ పోయినా వస్తువు ఒకటేనని చెప్పడానికి ఆధారమేమిటన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు రథం, కుండ, వస్త్రం వంటి దృష్టాంతాలతో విచారించాయి. వీటిలో ఇరుసున్నది రథానికే కాబట్టి, కొండదారుల్లోనూ బురదలోనూ నడిచే నేటి వాహనాల విషయంలో ఆ ప్రశ్నను మళ్లీ అడగడానికి రథమే అనువైనది. అమెరికాలో ఒక తరం జీపు ఇరుసును మరో తరం జీపుకు అమర్చుకోవడం యజమానులలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ పనిలో కోసివేసే, అతికించే చిన్న ఇనుప ముక్కలు, అంటే బ్రాకెట్లు, పాత వాదాలను కొత్తగా పరీక్షకు పెడతాయి.

జీపు రాంగ్లర్‌లో 1987 నుంచి 1995 వరకు వచ్చిన తరాన్ని వైజే అనీ, 1997 నుంచి 2006 వరకు వచ్చిన తరాన్ని టీజే అనీ వ్యవహరిస్తారు. వైజే ఇరుసులు కమాను కట్టలకు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులకు, యూ-బోల్టులతో బిగించి ఉంటాయి. బరువు మోసేవీ, ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేవీ ఆ కట్టలే. టీజేలోని కాయిల్ స్ప్రింగులు బరువు మాత్రమే మోస్తాయి కనుక, ఇరుసును దాని చోట నిలపడానికి నాలుగు కంట్రోల్ ఆర్ములు, అది పక్కకు జరగకుండా అడ్డంగా ఒక ట్రాక్ బార్ అవసరమవుతాయి. వాటి కొసలను పట్టుకొనే బ్రాకెట్లు ఇరుసుకే అతికి ఉంటాయి. అందువల్ల టీజే ముందు ఇరుసును వైజే కిందికి తేవాలంటే ఆ బ్రాకెట్లను కోసి, నునుపుచేసి, కమాను కట్ట కూర్చొనే పీఠాలను కొత్తగా వెల్డింగ్ చేయాలి. ఆ పీఠాల కోణం కొద్ది డిగ్రీలు తప్పినా స్టీరింగు తిప్పినప్పుడు చక్రం పక్కకు మళ్లే అక్షపు వాలు, అంటే కాస్టర్, మారిపోయి స్టీరింగు తనంతట తాను నేరుగా రాదు. చక్రాలకు మాత్రం ఈ తంటా లేదు. రెండు తరాలలోనూ అయిదు బోల్టులు 4.5 అంగుళాల వలయంలోనే ఉంటాయి.

విచిత్రమేమంటే, 1984లో మొదలైన జీపు చెరోకీ తరం పేరులోనూ నిర్మాణంలోనూ రాంగ్లర్‌కు భిన్నమైనది, దానికి విడి చాసిస్ చట్రం కూడా లేదు. అయినా ముందు భాగంలో అవే నాలుగు ఆర్ములు, అదే ట్రాక్ బార్ అమరిక ఉండడంతో దాని ముందు ఇరుసు టీజేకి దాదాపు కోత లేకుండానే సరిపోతుంది. ఒకే పేరున్న తరాల మధ్య కుదరని ఇరుసు, పేరు వేరైన బండికి కుదురుతున్నది.

క్రీ.పూ. 2వ శతాబ్దపు యవనరాజు మిళిందుడికీ నాగసేన భిక్షువుకూ జరిగిన సంవాదంగా పాళీ గ్రంథం మిళిందపన్హ చెప్పే ప్రకారం, ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, అన్నీ కలిసిన కుప్పా రథం కాదు, వీటికి వెలుపల మరో రథమూ లేదు. వాటిని ఆశ్రయించి లోకవ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథం. ఈ వాదం అవయవిని, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తాన్ని, పేరుగా తేల్చివేస్తుంది గాని, ఇరుసును మాత్రం ముందే సిద్ధంగా ఉన్న వస్తువుగా జాబితాలో చేరుస్తుంది. టీజే ఇరుసు అలా సిద్ధంగా ఉన్న వస్తువు కాదు, ఎందుకంటే తాను ఏ బండిలో ఉండాలో ఆ బండి అమరిక దాని ఒంటిమీదే బ్రాకెట్ల రూపంలో అతికి ఉంది. 7వ శతాబ్దపు మాధ్యమిక బౌద్ధాచార్యుడు చంద్రకీర్తి మధ్యమకావతారంలో రథాన్ని ఏడు విధాల వెదికి, ఆకారమే రథమనే పక్షాన్నీ తోసిపుచ్చాడు. విడిగా ఉన్నప్పటి చక్రం, ఇరుసుల ఆకారం రథంలో చేరాక మారదు కదా అన్నది అక్కడ ఆయన యుక్తి. కోత, వెల్డింగ్ ఎరిగినవారు ఈ యుక్తిని ఒప్పుకోలేరు. అయితే రథమే లేనప్పుడు అవయవాలూ అవయవాలు కావన్న ఆయన మరో మాట చాలా లోతైనది, బ్రాకెట్టు దానికే సాక్ష్యమిస్తుంది.

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల దారి వేరు. వారి మతంలో అవయవి నిజమైన ద్రవ్యం. అది తన అవయవాలలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది, అవయవాలు ఒకదానితో ఒకటి సంయోగం అనే విడదీయదగిన సంబంధంతో ఉంటాయి. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సమవాయంతో ఉండే జంటలను చెబుతూ అవయవావయవులను చేర్చాడు. ఈ మతం ప్రకారం వస్త్రంలోంచి ఒక్క నూలుపోగు తీసినా పాత వస్త్రం నశించి ఖండపటమనే కొత్త వస్త్రం పుడుతుంది, అది పాతదే అన్న భావన పోలికవల్ల కలిగేదే. పోలికను ఏకత్వంగా పొరబడకపోవడంలో ఈ మతం నిజాయతీ మెచ్చదగినది. కాని ఇందులో తారతమ్యానికి చోటు లేదు: ఒక బోల్టు మార్చినా, ఇరుసునే మార్చి స్టీరింగు స్వభావాన్ని తలకిందులు చేసినా, తర్కం రెండింటినీ ఒకే విధమైన నాశంగా లెక్కిస్తుంది. బండి నడిపేవారికి ఆ రెండూ ఒకటి కావు. ఏకత్వం ఉంటే పూర్తిగా ఉండాలి, లేకుంటే అసలు ఉండకూడదన్న పట్టుదలే ఇక్కడి లోపం. ఏ సంబంధాలు తెగాయి, ఎన్ని నిలిచాయి అన్న లెక్కే దీనికి తగిన సమాధానం.

ఇక్కడే ధర్మప్రశ్న తలెత్తుతుంది, ఎందుకంటే కర్తృత్వాన్ని ఇలా పాళ్లుగా పంచలేము. మిళిందపన్హలోనే మామిడిపళ్ల దొంగ ప్రసక్తి ఉంది: తాను తీసిన పళ్లు యజమాని నాటిన పళ్లు కావని అతడు వాదించినా, నాటిన వాటినుంచే ఇవి వచ్చాయి కనుక అతడు శిక్షార్హుడేనని రాజే ఒప్పుకుంటాడు. మళ్లీ పుట్టేవాడు పాతవాడూ కాదు, వేరొకడూ కాదు, అయినా కర్మఫలం అతడిదే అన్న సిద్ధాంతానికి ఇది దృష్టాంతం. చట్టం ఈ తాత్త్విక వివాదంలోకి దిగకుండా, చాసిస్ సంఖ్యను బట్టి వాహనాన్ని గుర్తించి, జవాబుదారీని యజమానిపైనే నిలుపుతుంది. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని ధ్రువీకరించింది.