టానే మహుటా సన్నిధిలో ఒక ధర్మసందేహం

న్యూజిలాండ్ ఉత్తరద్వీపపు పశ్చిమతీరాన వైపౌవా అనే ప్రాచీనారణ్యం ఉంది. అక్కడి కౌరీ వృక్షాలలోకెల్లా ప్రసిద్ధమైనదానికి మావోరీల వనదేవత పేరే పెట్టారు: టానే మహుటా. ఎత్తు సుమారు 51 మీటర్లు. కాండం చుట్టుకొలత 13 మీటర్లకు పైమాటే. వయస్సు రెండువేల సంవత్సరాల వరకు ఉండవచ్చునని అంచనా. ఆదిలో ఆకాశపిత, భూమాత గాఢాలింగనంలో ఉండగా వారి సంతానం చీకటిలో మగ్గిపోయిందనీ, టానే అనే కుమారుడు నేలకు భుజాలు ఆనించి, పాదాలతో తండ్రిని పైకి నెట్టి, లోకానికి వెలుగు తెచ్చాడనీ మావోరీల సృష్టిగాథ. కౌరీ కాండాన్ని చూచినవారికి ఆ గాథ ఎక్కడిదో వేరుగా వివరించనక్కరలేదు.

ఈ అడవికి టె రొరొవా తెగవారు కైటియాకులు, అనగా సంరక్షకులు. సాయంసంధ్యవేళ యాత్రికులను లోపలికి తీసుకొని వెళ్ళే మావోరీ మార్గదర్శకులు మహావృక్షాన్ని సమీపించే ముందు ఆగి, కరకియా అనే ప్రార్థన పఠిస్తారు. ఆ దేవతను ఏనాడూ నమ్మని విదేశీయుడు అక్కడ తల వంచి నిలబడితే అది భక్తా, నటనా? ఈ ప్రశ్న పైకి కనిపించినంత కఠినమైనది కాదని నా అభిప్రాయం. పరాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి పెద్దకు నమస్కరించడానికి వారితో మనకు రక్తసంబంధం ఉండనవసరం లేదు. రుసుము తీసుకొని ప్రార్థన వినిపించడం ఉచితమా అని కొందరు అడుగుతారు. ప్రత్యేక దర్శనానికి టిక్కెట్టు కొనే అలవాటున్న మనం ఆ ప్రశ్న వేయకుండా ఉండడమే మర్యాద.

అసలు చిక్కు మరొక చోట ఉంది. రాటా అనే వీరుని కథ మావోరీలలో సుప్రసిద్ధం. పడవ చేసుకోవడానికి అతడు అడవిలో ఒక చెట్టును నరికి ఇంటికి పోయాడు. మరునాడు వచ్చి చూస్తే ఆ చెట్టు యథాస్థానంలో నిలబడి ఉంది. మళ్ళీ నరికాడు, మళ్ళీ లేచింది. పొంచి చూడగా పక్షులు, పురుగులు, వనదేవతా గణాలు చేరి ఒక్కొక్క పేడునూ తిరిగి అతికిస్తున్నాయి. టానేను అడగకుండా అతని బిడ్డను ఎలా పడగొట్టావని అవి నిలదీశాయి. రాటా సిగ్గుపడ్డాడు, అప్పుడు అవే అతనికి పడవ చేసి ఇచ్చాయి. చెట్టును నరకడం తప్పని ఈ కథ చెప్పడం లేదు. అడగకపోవడం తప్పంటున్నది. కాని అడగడమంటే ఏమిటి? వద్దనే జవాబు రావడానికి అవకాశం ఉన్నప్పుడే అది అడగడం అవుతుంది. ఆ అవకాశం లేనిచోట అనుమతి కోరడం వట్టి లాంఛనం.

ఆ జవాబు ఇప్పుడు నిజంగానే వచ్చింది. నేలలో జీవించే ఒక సూక్ష్మజీవి కౌరీ వేళ్ళను కుళ్ళబెట్టి చెట్టును క్రమంగా చంపుతున్నది. 2015లో శాస్త్రజ్ఞులు దానికి ఫైటాఫ్తరా అగాతిడిసిడా అని నామకరణం చేశారు. కౌరీని చంపేది అని ఆ పేరుకు అర్థం. కొన్ని మందులు దాని వేగాన్ని తగ్గించగలవు గాని పూర్తిగా నయం చేయలేవు. గుండుసూది తలంత మట్టితో కూడా అది ఒక చోటునుండి మరొక చోటికి పోగలదు. అడవిపందుల గిట్టలతో పాటు దానిని మోసేవి మన పాదరక్షలే. కౌరీ వేళ్ళు పైపైనే పాకుతాయి కనుక, దగ్గరకు వెళ్ళి తాకాలన్న ఆరాధనాభావమే ఇక్కడ ఘాతుకం కావచ్చు. గుడి ముందు చెప్పులు విడుస్తాం; వైపౌవాలో వాటిని బ్రష్షుతో రుద్ది, క్రిమినాశకంతో కడుక్కొని, నేలకు ఎత్తుగా వేసిన చెక్కబాట మీదుగా నడవాలి.

ఆక్లండ్ నగరం పక్కనున్న వైటాకెరె కొండలలో వ్యవహారం ఇంకా ముందుకు వెళ్ళింది. 2017 డిసెంబరులో అక్కడి టె కవెరౌ ఆ మాకి తెగవారు అడవిపై రాహుయి విధించారు. ఒక స్థలం కోలుకునేదాకా ఎవరూ ప్రవేశించరాదనే సాంప్రదాయిక నిషేధం అది. దానికి చట్టబలం లేదు. దారులలో నడవడం తమ హక్కని భావించినవారు నడుస్తూనే ఉన్నారు. 2018లో నగరపాలక మండలి అటవీభాగాన్ని అధికారికంగా మూసివేసిన తరువాతనే రాకపోకలు చాలావరకు తగ్గాయి.

చెట్టు తరఫున వద్దని చెప్పే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఆ దేశపు చట్టం కొంత సమాధానం వెతికింది. 2014లో టె ఉరెవెరా అరణ్యానికి, 2017లో వాంగనూయి నదికి న్యాయవ్యక్తిత్వం కల్పించింది. ఆ 2017లోనే ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానం గంగా యమునలను న్యాయవ్యక్తులుగా ప్రకటించింది. కొద్ది నెలలకే సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. మన న్యాయశాస్త్రానికి ఈ భావన కొత్తది కాదు. దేవతామూర్తి ఆస్తి కలిగిన వ్యక్తి అని మన న్యాయస్థానాలు చిరకాలంగా అంగీకరిస్తూనే ఉన్నాయి. అంతకంటే పనికివచ్చే సంప్రదాయం మన ఆలయాలలో మరొకటి ఉంది. పవళింపు సేవ కాగానే తలుపులు మూస్తారు. ఎంత దూరంనుండి వచ్చిన భక్తుడైనా తెల్లవారేదాకా వేచి ఉంటాడు. తన హక్కుకు భంగం కలిగిందని అనుకోడు. ఆ విశ్రాంతి దేవునిదని అతనికి తెలుసు.

అయితే అడవి తలుపు మూసినప్పుడు నష్టపోయేది యాత్రికుడు మాత్రమే కాదన్నది మరువరాదు. వైపౌవాను 1876లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. తమకు జరిగిన అన్యాయాలపై టె రొరొవా తెగవారు పోరాడగా పరిష్కారపు చట్టం 2008లో గాని రాలేదు. అడవిని చూపించి జీవనం సాగించడం ఆ తెగవారికి చాలా ఆలస్యంగా దక్కిన అవకాశం. అతిథిని ఆదరించడం వారి ధర్మం. అతిథి పాదాలనుండి చెట్టును కాపాడడమూ వారి ధర్మమే. ఈ రెండింటిలో ఏది ముందని బయటివారు నిర్ణయించడం న్యాయం కాదు. వారు ఏది నిర్ణయించినా దాని ఖర్చులో కొంత మనం భరించడం న్యాయం. వైటాకెరెలో ఇప్పటికి కొన్ని దారులను చెక్కబాటలతో పునర్నిర్మించి, ఒక్కొక్కటిగా తెరిచారు. ప్రతి దారి మొదట్లోనూ పాదరక్షలు కడుక్కునే ఏర్పాటు ఉంది.