మూలాన్ని తాకని మార్పు

ఒక విధానాన్ని అవసరానికి తగ్గట్టు ఎంతవరకు మార్చుకుంటే దాని మూలంతో సంబంధం నిలుస్తుందన్న ప్రశ్నను వేదవిధుల అర్థాన్ని నిర్ణయించే పూర్వమీమాంసకులు యజ్ఞాల విషయంలో లోతుగా విచారించారు. వేదం అంగాలన్నిటినీ వివరించిన దర్శపూర్ణమాసం వంటి యాగాన్ని ప్రకృతి అనీ, దాని నుంచి విధానాన్ని తెచ్చుకుని తేడాలను మాత్రమే చెప్పుకునే యాగాన్ని వికృతి అనీ, ఆ తెచ్చుకోవడాన్ని అతిదేశమనీ అన్నారు. సూర్యుడు దేవతగా ఉన్న వికృతియాగంలో మంత్రంలోని అగ్ని పేరు స్థానంలో సూర్యుడి పేరు చేర్చడం ఊహ. వడ్లకు బదులు గురివింద గింజంత బంగారు ముక్కలు, అంటే కృష్ణలాలు, అగ్నిలో వేల్చే హవిస్సైనచోట వాటికి ఊక లేదు కనుక దంచడం మానేయడం బాధ. ఈ మాటకు ఇక్కడ నొప్పి అని కాక రద్దు అని అర్థం. ఇంత జరిగినా ప్రకృతియాగ విధిలో ఒక్క అక్షరం చెదరదు.

వెబ్‌సైటులోని రాతలను, బొమ్మలను నిర్వహించే వర్డ్‌ప్రెస్‌లో సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల సమూహాన్ని థీమ్ అంటారు; మరో థీమ్‌ను మాతృకగా పెట్టుకున్న చైల్డ్ థీమ్ ఇటువంటి వికృతే. అది తన స్టైల్‌షీటు తలభాగంలో మాతృక పేరును ఒక్క వరుసలో చెప్పుకుని, మారవలసిన ఫైళ్లను మాత్రమే తన దగ్గర ఉంచుకుంటుంది; మిగిలినదంతా మాతృక నుంచే వస్తుంది. అయితే ఫైలును మొత్తంగా నకలు చేసుకుంటే మాతృకలో తర్వాత జరిగే దిద్దుబాటు ఆ ఫైలుకు అందదు కాబట్టి, మూలమే వదిలిపెట్టిన కొక్కేనికి, అంటే హుక్‌కు, సొంత ఫంక్షన్‌ను తగిలించడం వీలైనచోట మేలు.

పోలిక ఇక్కడ ఆగిపోతుంది. వేదం అపౌరుషేయం, అంటే ఎవరూ రచించనిది, మారనిది అని నమ్ముతాడు కనుక మీమాంసకుడు దాన్ని ముట్టడు. సాఫ్ట్‌వేరు నిత్యం మారేది కనుకనే దాని మూలాన్ని ముట్టకూడదు. వర్డ్‌ప్రెస్ మూల (కోర్) ఫైల్లో నేరుగా రాసిన వరుస తర్వాతి అప్‌డేట్‌తో చెరిగిపోతుంది, దాన్ని కాపాడుకోవడానికి అప్‌డేట్ ఆపితే భద్రతాలోపాలు మిగిలిపోతాయి.

అందరూ కలిసి పాటించవలసిన సాంకేతిక ప్రమాణాల సంగతి ఇంతకన్నా బరువైనది, ఎందుకంటే అక్కడ నష్టపోయేది మార్చినవాడు కాదు, చదువరి. వివిధ లిపుల అక్షరాలకు సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు చోటు దక్కినా, చాలా ఏళ్లపాటు ఎన్నో తెలుగు సైట్లు లాటిన్ అక్షరాల సంకేతాలకు తెలుగు రూపాలు తొడిగిన సొంత ఫాంట్లతో నడిచాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్త అర్థంలేని అక్షరాల పోగుగా కనిపించేది, తెలుగులో వెతికితే దొరికేది కాదు. ఆ దశ దాటినా, పేజీ భాష తెలుగని మొదటి ట్యాగులో చెప్పే చిన్న మాట కొత్త థీమ్‌లో జారిపోతే, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు మీద ఆధారపడిన అంధ పాఠకుడికి తెలుగు వాక్యం ఇంగ్లీషు గొంతులో తడబడుతూ వినిపించవచ్చు, అసలు వినిపించకపోనూవచ్చు.