నీడపట్టు మొహాలు

ఆడదాని వయసూ, మగవాడి జీతమూ అడక్కూడదంటారు. జీతం సంగతి ఈ రోజుల్లో ఎవరూ దాచుకోవటం లేదు. పెళ్ళిసంబంధాల దగ్గర అడక్కముందే చెప్పేస్తున్నారు. వయసు మాత్రం మనం ఇంకా దాచుకుంటూనే ఉన్నాం. నోరు దాచినా మొహం దాచదు కాబట్టి మన తగువంతా మొహంతోనే!

ఏ పెళ్ళికో పేరంటానికో వెళ్ళండి. చాలా కాలానికి కనిపించిన మనిషిని మనం పలకరించే తీరు గమనించండి. "అదేమిటొదినా, అలా అయిపోయావూ!" అంటాం. లేదా, "మీకు పెళ్ళీడు కూతురుందంటే ఎవరూ నమ్మరండీ!" అంటాం. మొదటి మాట విన్నావిడకి ఆ పూట భోజనం సయించదు. రెండో మాట విన్నావిడ ఇంకో లడ్డూ వేయించుకుంటుంది. వయసు కనబడటం ఒక తప్పయినట్టు, కనబడకపోవటం ఆవిడ సాధించిన ఘనకార్యమైనట్టు మాట్లాడతాం. తప్పూ ఘనతా అనే మాటలొచ్చాక అది అందం సంగతి ఒక్కటే కాదు, నీతి సంగతి కూడా అవుతుంది.

ముడతలు పోగొట్టుకోవాలనుకోవటంలో తప్పుందా అని అడిగితే నా మటుకు నాకు ఏమీ కనిపించదు. తెల్లవెంట్రుకకి రంగు వేస్తున్నాం, ఊడిన పన్ను కట్టించుకుంటున్నాం. చెంప మీద గీతకి మందు రాస్తే మాత్రం "ఈ వయసులో ఈ సోకులేమిటి?" అనే పెద్దమనుషుల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇలా అనే మగవాళ్ళు చాలామంది మీసానికి రంగు వేసుకునే బయటికొస్తారు. ఆ చర్చ అక్కడికి వదిలేద్దాం. నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న వేరు. నున్నటి మొహం ఎవరి ఘనత?

ముందు ముడత ఎలా పడుతుందో చెప్పుకోవాలి. చర్మం పై పొరకి కిందుగా కొల్లాజెన్ అనే పోగులు అల్లుకుని ఉంటాయి. కొత్త నవారు మంచం చూశారుగా, అలా బిగువుగా ఉంటాయి. వాటి మధ్యన ఎలాస్టిన్ అనే సాగే పోగులు. వయసొచ్చిన దగ్గర్నుంచీ ఏటా నూటికి ఒక వంతు చొప్పున కొల్లాజెన్ తరుగుతూ వస్తుంది. ముట్లుడిగాక మొదటి ఐదేళ్ళలో దాదాపు 30 శాతం దాకా పోతుందని డాక్టర్లు చెబుతారు. నవారు సడలినట్టే చర్మమూ సడలుతుంది. ఇది అందరికీ ఉన్నదే, తప్పేది కాదు.

కానీ మనం వయసు అనుకునేదంతా వయసు కాదు. అందులో పెద్ద వాటా ఎండది.

2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్యపత్రిక ఒక ఫొటో వేసింది. 69 ఏళ్ళ మనిషి. 28 ఏళ్ళపాటు అమెరికాలో సరుకు లారీ నడిపాడు. అక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమవైపు. ఆయన కుడి చెంప ఆ వయసుకి తగ్గట్టుగానే ఉంది. ఎడమ చెంప మాత్రం లోతుగా చాళ్ళు పడి, తోలు మందమెక్కి, జారిపోయి ఉంది. కిటికీ అద్దం ఎండలో కమిలించే కిరణాల్ని ఆపుతుంది గానీ, లోపలికి దిగి కొల్లాజెన్‌ని చెడగొట్టే యు.వి.ఎ. కిరణాల్ని చాలావరకు రానిచ్చేస్తుంది. ఆ ఫొటో చూసిన రోజు నాకు వేరే పని మీద మనసు పోలేదు. రెండు చెంపల్నీ ఒక్క తల్లే కన్నది. రెండూ ఒక్క తిండే తిన్నాయి, ఒక్క దిగులే పడ్డాయి. తేడా అల్లా కిటికీ పక్కనున్నది ఏది అన్నదే.

ఇక మన వైపు చూడండి. మిరపకోతల రోజుల్లో గుంటూరు పక్క పొలాల వెంట బస్సులో వెళితే కనిపిస్తారు. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, వరసగా వంగి కోస్తూ ఉంటారు. నాట్లప్పుడయితే పైనుంచి ఎండ, కింద నీళ్ళలోంచి దాని తళుకు. మన నలుపులో ఉన్న మెలనిన్ మనకి పుట్టుకతో వచ్చిన గొడుగు. తెల్లవాళ్ళకన్నా మనకి ముడతలు ఆలస్యంగా రావటానికి అదే కారణం. ఆ గొడుగునే తిట్టుకుంటూ తెల్లబడే క్రీములు కొన్నాం, ఆ వింత ఇంకోసారి చెప్పుకుందాం. ఎంత గొడుగైనా రోజుకి ఎనిమిది గంటల చొప్పున ముప్ఫై ఏళ్ళ ఎండని ఆపలేదు.

మా అపార్ట్‌మెంటు దగ్గర బుట్టలో కూరలు పెట్టుకుని అమ్మే ఒకావిడ ఉంది. మా అమ్మాయి ఓసారి ఆవిణ్ణి "మామ్మగారూ, వంకాయలు ఎలా?" అని అడిగింది. ఆవిడ పకపకా నవ్వింది. "మామ్మేంటమ్మా! మీ అమ్మకన్నా నేనే చిన్నదాన్ని" అంది. నిజమే. ఆవిడకి 43, నాకు 47. మా అమ్మాయి సిగ్గుతో నా వెనక్కి నక్కింది. ఆవిడ మాత్రం తూకం ఆపలేదు. "పింఛనిచ్చేవాళ్ళు మొహం చూసి ఇస్తే ఈపాటికి నాకొచ్చేసేదమ్మగారూ! ఆళ్ళు కార్డు అడుగుతున్నారు, అదీ చిక్కు" అంటూ గుప్పెడు కరివేపాకు కొసరు వేసింది.

నలభై ఏడేళ్ళుగా నేను చేసిన పనంతా కప్పు కిందే చేశాను. చదువు కప్పు కింద, వంట కప్పు కింద, రాత కప్పు కింద. నేను తినే వంకాయ మాత్రం ఎండలో పెరిగింది, ఎండలో తెంపారు, ఎండలో అమ్మారు. నా మొహానికి దక్కిన నీడకి సరిపడా ఎండ ఇంకో మొహం మీద పడింది.

ఇక్కడే నాకు యయాతి గుర్తొస్తాడు. శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం మీద పడితే, ఆ మహారాజు దాన్ని ఎవరికైనా అంటగట్టొచ్చని తెలుసుకుని కొడుకుల్ని పిలిచాడు. ఐదుగురిలో నలుగురు పొమ్మన్నారు. ఆఖరివాడు పూరుడు తన యౌవనం ఇచ్చేసి తండ్రి ముడతలు తాను తీసుకున్నాడు. వెయ్యేళ్ళు సుఖపడ్డాక, కోరికలు అనుభవిస్తే తీరేవి కావని తెలిసి యయాతి యౌవనాన్ని తిరిగి ఇచ్చేశాడు. చిన్నప్పుడు మనకి చెప్పిన నీతి ఈ చివరిదే. ఆ వెయ్యేళ్ళూ ఆ పిల్లవాడు ఎలా లేచాడు, ఎలా కూర్చున్నాడు అని ఎవరూ చెప్పలేదు. గిరీశ్ కర్నాడ్ తన 'యయాతి' నాటకంలో పూరుడికి చిత్రలేఖ అనే భార్యని కల్పించి ఆ ప్రశ్న ఆవిడ చేత వేయించాడు. ఆడదాని వైపునుంచి చూస్తే కథ ఎంత మారిపోతుందో!

పోయిన ముడత పోయినట్టు కాదు, ఇంకొకరి మొహానికి చేరిందన్నమాట. ఇది పురాణం కదా అంటారా? మందుల షాపు కథ వినండి.

ముడతల మీద నిజంగా పనిచేస్తాయని రుజువైన పూతమందుల్లో ముఖ్యమైనది ట్రెటినాయిన్. ఎ విటమిన్‌కి చుట్టం. మొటిమల కోసం వచ్చింది. మొటిమలకి రాసుకున్న పెద్దవయసు ఆడవాళ్ళ చెంపలు నున్నబడటం చూసి ముడతలకీ వాడటం మొదలుపెట్టారు. దాని వెనకున్న పేరు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చర్మవైద్యుడు. ఆయన 1951 నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలో హోమ్స్‌బర్గ్ అనే జైలులో ఖైదీల ఒంటి మీద రకరకాల పూతలు, రసాయనాలు పరీక్షించాడు. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. కొద్దిపాటి డాలర్లకి ఆశపడి వీపు అప్పగించినవాళ్ళు. ఏం పూస్తున్నారో సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. ఈ ముడతల మందు వెనక ఆ చర్మాల వాటా కూడా ఉంది. ఆ విశ్వవిద్యాలయం వైద్యవిభాగం 2021లో క్షమాపణ చెప్పింది, నగరపాలకులు 2022లో చెప్పారు. అప్పటికి ఆ వీపులవాళ్ళు చాలామంది లేరు.

మరయితే ఆ మందు రాసుకోవద్దా అని అడుగుతారు. రాసుకోండి. మీరు మానేస్తే ఆ వీపుల మీద మచ్చలు మానవు. డాక్టరుగారు చూసి ఇస్తేనే రాసుకోండి, రాత్రిపూటే రాసుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళు దాని జోలికి పోవద్దు. మొదట్లో ఒళ్ళు పొట్టు లేస్తుంది, ఎండ మరీ చురుక్కుమంటుంది. షాపు కుర్రాడు "ఇది రాయండి ఆంటీ, వారంలో మెరుస్తారు" అని ఇచ్చే ట్యూబు మాత్రం వద్దు. అలాంటి వాటిలో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఉన్న ముడతకన్నా పెద్ద దుఃఖం తెచ్చిపెడుతుంది. ఇంట్లో మీగడా సెనగపిండీ ఉండనే ఉన్నాయి. ముడత తీయలేవు గానీ చర్మం పొడిబారకుండా చూస్తాయి, చేతికి అంతకన్నా హాయి ఇంకోటి లేదు.

అన్నిటికన్నా పెద్ద మందు ఇంతకుముందే చెప్పుకున్నాం. ఆస్ట్రేలియాలో నాంబర్ అనే ఊళ్ళో 900 మంది పైచిలుకు జనాన్ని నాలుగున్నరేళ్ళు గమనించారు. రోజూ ఎండని ఆపే లేపనం రాసుకున్నవాళ్ళ చర్మం, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్ళ చర్మంకన్నా 24 శాతం తక్కువ ముసలిదయింది. ఇది 2013లో బయటికొచ్చింది. ఆ పరీక్షలోనే కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు కూడా ఇచ్చారు, వాటివల్ల కలిగిన మేలేమీ కనిపించలేదు. అంటే సీసాలకొద్దీ మాత్రలకన్నా ఒక గొడుగు మేలు. నీడ అంత ఖరీదైన సరుకన్నమాట! దుకాణంలో దొరకదు గనక మనం దాని వెల కట్టటం లేదు.

మా అపార్ట్‌మెంటు గేటు పక్కన ఒక వేపచెట్టుంది. కూరలావిడ మొన్నటిదాకా దాని కిందే బుట్ట దించుకునేది. ఎండకి కార్ల రంగు వెలిసిపోతోందని కమిటీవాళ్ళు తీర్మానం చేసి, ఆ నీడని నాలుగు కార్లకి కేటాయించారు. సుద్దతో గీతలు కూడా గీశారు. కారు వెలిస్తే ఎండవల్లనని అందరికీ తెలిసింది! ఆవిడిప్పుడు ఎదురుగా గోడవార కూర్చుంటోంది, పదకొండింటికల్లా అక్కడ మంట.

టేపు తెచ్చి కొలిచాను. ఆఖరి కారుని ఆరడుగులు ఇవతలికి జరిపితే బుట్టకీ మనిషికీ చోటు సరిపోతుంది. ఆ కారు ఎవరిదో కాదు, మాదే. మావారు పేపరు మడిచి, "రంగు పోతే మళ్ళీ వేయించటానికి ఎంతవుతుందో తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. ఆదివారం సాయంత్రం మీటింగుంది, కాగితం రాసి సెక్రటరీగారికి ఇచ్చాను. "చూద్దాం లెండి మేడం" అన్నారు. ఈలోగా తాళంచెవి నా దగ్గరే ఉంది గనక కారు జరిపించేశాను.