మడత మార్చే చేతులు



మన అమరావతి స్తూపం పలకల్లో ఒకదాని మీద నిండు కలశం ఉంది. దాన్ని సమర్పించినది విధికుడు. ఆయన తోలుపని చేసేవాడు. ఇంటివాళ్లందరితో కలిసి ఇచ్చానని ఆ రాతి మీదే రాయించుకున్నాడు. మరి ఆ కలశాన్ని చెక్కినది ఎవరు? ఆ పేరు లేదు. ఆ లోటు నన్నెప్పుడూ బాధపెడుతుంది.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుకు ఆ లోటు రాలేదు. కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతివాటం గుర్తించాడు. రామారావు బొంబాయి వెళ్లి చదువుకుని వచ్చాడు. 1925లో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

బొమ్మలు మిగిలాయి. చాలావరకు కాగితం మీద నీటిరంగులు. ఎండ తగిలితే వెలిసిపోతాయి. చెమ్మ తగిలితే మచ్చలు పడతాయి.

అమ్మ పెళ్లిచీర గుర్తుందా? ఏడాదికోసారి పెట్టెలోంచి తీస్తుంది. మడత మార్చి మళ్లీ దాస్తుంది. మార్చకపోతే మడత దగ్గరే చిరుగుతుంది.

రామారావు బొమ్మలకూ అలా మడత మార్చే చేతులు దొరికాయి. మిత్రుడు వరదా వెంకటరత్నం గారు వాటిని కనిపెట్టుకుని ఉన్నారు. పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పారు. రామారావు బొమ్మలున్న చిన్న గ్యాలరీ రాజమండ్రిలో ఇప్పటికీ ఉంది. ఎప్పుడైనా అటు వెళితే, ఆయన 'సిద్ధార్థ రాగోదయం' బొమ్మ ముందు కాసేపు నిలబడండి.

మన ఊళ్లోనూ ఉంటారు, ఎవరూ నేర్పకుండానే బొమ్మలేసినవాళ్లు. మీ ఇంట్లోనే, బీరువా మీద ఒక కాగితాల చుట్ట ఉందేమో. ఈ పూట కిందికి దించండి. దుమ్ము తుడవండి. వెనక పేరు లేకపోతే, పెన్సిలుతో మెల్లగా రాయండి.