ఆచార్యవాక్యము, నిరూపణ

పాఠశాలలో లెక్క చేసి జవాబు రాబట్టుట నేర్చిన విద్యార్థిని విశ్వవిద్యాలయములో గణితాధ్యాపకుడు వేరొక ప్రశ్న అడుగును: "జవాబు సరే, ఎల్లప్పుడును అట్లే ఏల కావలెను?" ఆ ప్రశ్న అలవాటైన బిడ్డ ఇంటికి వచ్చి పెద్దల మాటను, పూర్వాచార్యుల మాటను కూడ అట్లే అడుగును. ఇది అవినయమా? జైనగృహమున దీనికి తావు గలదా?

నిరూపణ యన నేమో ముందు తెలియవలెను. ఒక సంఖ్యను దానితోనే గుణించి, వచ్చినదానికి ఆ సంఖ్యను, మరి 41ని కలుపుడు. సున్న మొదలు 39 వరకు దేనిని తీసికొన్నను వచ్చునది ప్రధానసంఖ్యయే. అనగా 1తోను తనతోను తప్ప వేరొక సంఖ్యతో నిశ్శేషముగ భాగింపబడనిది. వరుసగా నలువది మార్లు సరిపోయినది. వర్తకుడైనచో నలువది బస్తాలు చూచి సరకు మంచిదని బేరము ముగించును. కాని 40ని తీసికొన్న 1681 వచ్చును. అది 41ని 41తో గుణించిన ఫలము! ఉదాహరణము లెన్ని పోగైనను నిరూపణ కానేరవు. కొన్నింటిని చూచి అన్నింటికిని వర్తించునని చెప్పుటకు హేతువు వలయును. జైన తార్కికుడైన అకలంకుడు తర్కమును ప్రత్యేక ప్రమాణముగ నిలిపినది ఇట్టి వ్యాప్తిని నిర్ణయించుటకే.

ఇక ఆచార్యుల మాట. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలములో, జైన గణితజ్ఞుడగు మహావీరాచార్యుడు "గణితసార సంగ్రహము" రచించెను. పావులూరి మల్లన దానిని తెనిగించెను. 1912లో అది రంగాచార్యుల ఆంగ్లానువాదముతో మద్రాసున అచ్చయినది. సున్నతో గుణించిన సున్న వచ్చుననియు, సున్నతో భాగించిన సంఖ్య మారదనియు అందు గలదు.

విద్యార్థి ఇట్లు తర్కించును. 6ని సున్నతో భాగింపగా 6 వచ్చు ననుకొందము. భాగహారము గుణకారమునకు విలోమము గదా! అట్లయిన 6ని సున్నతో గుణింపగా 6 రావలెను. కాని సున్నయే వచ్చునని ఆచార్యుడే చెప్పెను. కావున ముందనుకొన్నది నిలువదు. ఒక మాటను ఒప్పుకొని, దాని వెంటనే నడచి, అది విరుద్ధమునకు చేరుటను చూపుట నిరూపణ పద్ధతులలో ముఖ్యమైనది.

ఇచ్చట కొందరు పెద్దలు, "స్యాద్వాదము ప్రకారము ఆయన మాటయు నిజమే, నీ మాటయు నిజమే" అని తగవు తీర్చివేయుదురు. అది స్యాద్వాదము కాదు, మొగమాటము. "స్యాత్" అన్నవాడు ఏ దృష్టితో అనుచున్నాడో చెప్పవలెను. పంచుకొనువారు లేనపుడు రాశి రాశిగనే యుండునను దృష్టితో ఆచార్యుని మాటకు అర్థము చెప్పవచ్చును. గుణకారమునకు విలోమమను దృష్టితో అది చెల్లదు. దృష్టి నిర్ణయమైన పిమ్మట అవును, కాదు అను రెండును ఒకే మారు చెల్లవు.

గణితమునకును ఈ నియమమే. త్రిభుజములోని కోణముల మొత్తము 180 డిగ్రీలనుట సమతలమునకు చెల్లును. గోళముపై మూడును లంబకోణములైన త్రిభుజమును గీయవచ్చును. అచట మొత్తము 270. ప్రతి సిద్ధాంతమునకును "ఇవి అంగీకరించినచో" అను షరతు గలదు.

సత్యవ్రతమునకు దీనితో సంబంధము లేదనరాదు. తూచని సరకును తూచినట్లు చిట్టాలో వ్రాయుట అసత్యమే. నలువది చూచి "నిరూపించితిని" అనుటయు అట్టిదే. నిరూపణ నేర్చినవాడు తనకు తెలిసినది ఎంతవరకో అంతవరకే పలుకును. ఈ నిగ్రహము వాక్కునకు సంబంధించిన తపస్సు.

ఒక్క వాక్యము నిలువనంత మాత్రమున మహావీరాచార్యుని ఘనత తగ్గదు. కొన్ని వస్తువులనుండి ఇన్నింటిని ఎన్ని విధముల ఎన్నుకొనవచ్చునో తెలుపు సామాన్యసూత్రమును ఆ గ్రంథమే ఇచ్చినది. దానిని పరీక్షించి నేటి విద్యార్థులును సరియనుచున్నారు. తప్పును తప్పనుటకు స్వేచ్ఛ గలవాని నోటనే ఆ మెప్పునకు విలువ.

కావున "ఏల" అని అడుగు బిడ్డను పెద్దలు కసరరాదు. ఆ బిడ్డయు ఇతరుల మాటకు పెట్టిన పరీక్షను ముందుగా తన మాటకు పెట్టుకొనవలెను. అట్లు పెట్టుకొనని నాడు మాత్రమే అది అవినయమగును.