పరిప్రశ్నము: అడుగుటకు ముందటి తపస్సు

భాగ్యనగరమున చార్మినారు నుండి మూసీనది వైపునకు నడచు యాత్రికునకు ఇరుప్రక్కల రాతి కమానులతో పత్తర్‌గట్టి కనబడును. ముత్యాల వర్తకమునకు ఆ వీథి పేరొందినది. అచ్చటి ఒక అంగడికి ఇద్దరు వచ్చిరని భావింతము. మొదటివాడు గడప దాటుచునే "వీనిలో మంచివి యేవి?" అని యడుగును. వర్తకుడు చూపినదే వానికి మంచిది. రెండవవాడు ముందుగా నాలుగు పేరులను వెలుగునకు పట్టి చూచును, కాంతిని, గుండ్రదనమును పోల్చును, పిదప "ఈ రెండును ఒకే తీరున మెరయుచున్నవి గదా, వెలలో ఇంత భేదమేల?" అని యడుగును. వర్తకుడు వానిని కూర్చుండబెట్టి మర్మమును విప్పి చెప్పును. ఇరువురును వేసినది ప్రశ్నయే. కాని మొదటివాడు తీర్పును యాచించెను; రెండవవాడు జ్ఞానమును అర్థించెను.

ముత్యముల విషయమున కలుగు నష్టము ధనమాత్రమే. ధర్మవిషయమున కలుగు నష్టము జీవితమునకే చెందినది. తాను విచారింపక పొందిన సమాధానము ఎరవు సొమ్ము వంటిది. మరియొకరు వచ్చి వేరుమాట చెప్పినంతనే చేజారిపోవును. కావుననే మన పెద్దలు ప్రశ్నకు ముందు కొంత సాధనను విధించిరి.

ప్రశ్నోపనిషత్తునందు సుకేశుడు మొదలగు ఆరుగురు సమిధలు చేతబూని పిప్పలాద మహర్షిని ఆశ్రయించిరి. వారు సామాన్యులు కారు, బ్రహ్మనిష్ఠులు. అయినను మహర్షి వెంటనే ఉపదేశింపక, తపస్సుతో, బ్రహ్మచర్యముతో, శ్రద్ధతో మరియొక సంవత్సరము వసించి, పిదప ఇచ్చవచ్చినట్లు అడుగుడనెను. తమకు తెలిసినచో చెప్పెదమని కూడ పలికెను. ఇందు శిష్యునకు ఓర్పును, గురువునకు వినయమును ఒక్కచోటనే బోధింపబడినవి. ఆ ఆరుగురిలో సుకేశుని ప్రశ్న గమనింపదగినది. షోడశకళాపురుషుని గూర్చి కోసలరాజకుమారుడు పూర్వమే అతనిని అడుగగా, అతడు తెలియదని నిజము పలికెను. ఆ తెలియనితనమునే దాచుకొనక మోసికొని వచ్చి గురువు నెదుట నుంచెను. తనకు తెలియని దేదో తెలిసికొనుటయే విచారణకు తొలిమెట్టు.

ఛాందోగ్యమున నారదుడు సనత్కుమారుని చేరి ఉపదేశము కోరగా, ఆ మహాత్ముడు ముందు "నీకు తెలిసినదేమి?" అనియే అడిగెను, దానికి పై విషయమును తాను చెప్పెదననెను. నారదుడు వేదములు, ఇతిహాసపురాణములు మొదలుగా తాను నేర్చిన విద్యలనన్నింటిని వరుసగా చెప్పి, ఇన్ని నేర్చియు ఆత్మను ఎరుగక శోకించుచున్నానని విన్నవించెను. శిష్యుడు తాను నడచివచ్చిన దారిని చూపినగాని, మిగిలిన దారిని గురువు చూపుట ఎట్లు?

గీతాచార్యుడు నాలుగవ అధ్యాయమున ప్రణిపాత, పరిప్రశ్న, సేవలను జ్ఞానసాధనములుగా చెప్పెను. 'పరి' యను ఉపసర్గకు 'చుట్టును' అని యొక అర్థము కలదు. విషయమును నలువైపుల చుట్టి చూచి, దారి తోచని చోట వేయు ప్రశ్నయే పరిప్రశ్నమని గ్రహింపవచ్చును. అది నమస్కారమునకును సేవకును నడుమ నిలిచియున్నది. కావున గురువును పరీక్షించు కుతర్కమునకు అందు తావులేదు.

ఈ నీతి తత్త్వమునకే పరిమితము కాదు. పత్తర్‌గట్టి రాళ్లే దీనికి సాక్షులు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొనెను. మరుసటి యేడు నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి ఉపాయమడిగెను. ఆయన వచ్చినదే తడవుగా గట్టు కట్టుడని చెప్పలేదు. వర్షపు లెక్కలను, నదికి నీరు చేర్చు భూముల విస్తీర్ణమును, ఎగువ తెగిన చెరువులను పరిశీలించి, పిదప మూసీ, ఈసీ నదులపై జలాశయములను సూచించెను. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. ఆ వరద పిదప 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కట్టించినదే నేటి పత్తర్‌గట్టి బారు. అడుగువాడే కాదు, చెప్పువాడును ముందు శోధింపవలెనని ఈ చరిత్ర చాటుచున్నది.

అయిన నొక శంక. చదువు లేనివాడు, తీరిక లేనివాడు అడుగనే కూడదా? మొసలి నోట జిక్కిన గజేంద్రుడు ఏ శాస్త్రమును పరిశోధించి మొరవెట్టెను? భగవానుడు అతని అర్హతను విచారింపక పరుగున వచ్చెను. గీత ఏడవ అధ్యాయమున నలుగురు భక్తులలో ఆర్తుని పేరే ముందున్నది. జిజ్ఞాసువు ఆ పిదపివాడు. ముందుగా శోధింపవలసిన విధి జిజ్ఞాసువుది, ఆర్తునిది కాదు. ఇంట మరణము సంభవించి, అశౌచమును గూర్చి తడబడుచు వచ్చిన గృహస్థుతో "గ్రంథము చూచి రమ్ము" అనుట పాండిత్యము కాదు, నిర్దయ. అట్టివాడు ఒకసారి వెనుదిరిగిన, మరల ఆ వాకిట అడుగుపెట్టడు. వాని పిల్లలును పెట్టరు. ప్రశ్నకు ముందటి సాధన శిష్యుడు తనకు తాను విధించుకొనవలసిన నియమమే గాని, గురువు తన తలుపునకు వేసికొనవలసిన గడియ కాదు.

తీరిక గల జిజ్ఞాసువునకు మాత్రము నేడు సాకు లేదు. పత్తర్‌గట్టి నుండి నయాపూల్ దాటినచో అఫ్జల్‌గంజ్‌న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున్నది. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసిన ఆ నిలయము 1936లో నేటి భవనమునకు చేరెను. ఇంటనున్న గీతాపుస్తకమైనను ముందు తెరువవచ్చును. సందేహము కలిగినపుడు మూలమును ఒకమారు చదువవలెను. ఇంటి పెద్దల ఆచారము నడుగవలెను. తెలిసినదెంతయో, తెలియనిదెచ్చటనో తనలో తాను నిశ్చయించుకొనవలెను. అప్పటికిని తీరని సందేహమును ఆచార్యుని పాదములకడ నుంచవలెను. శోధనలోనే సమాధానము దొరకినచో సంతోషము. దొరకనిచో, దానిని అందుకొనుటకు పాత్ర సిద్ధమైనది.

వెదకువానికి వివేకమును, వెదకలేని ఆర్తునకు అభయమును శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక!